పెద్ద వీధిలో బూటు జాడలు

గుడియాత్తంలో తోళ్ల వ్యాపారి ధర్మలింగం ఇంట్లో దొంగతనం జరిగింది. ఆయన భార్య రాజాంబాళ్ కాసులపేరు, ఆయన ఇంగ్లిష్ బూట్లు పోయాయి.

బూట్లు తెల్లారేసరికి దొరికాయి. చెప్పులు కుట్టే ఎల్లప్ప గుడిసె కప్పులో ఉన్నాయి. వానకు తడిసిన పెద్ద వీధిలో, ఇంటి నుంచి గుడిసె దాకా బూటు జాడలు.

ఎల్లప్పను లాకప్‌లో వేశారు. కాసులపేరు మాత్రం దొరకలేదు.

మరునాడు వేలూరు నుంచి ఇన్‌స్పెక్టర్ శివప్రకాశం వచ్చాడు.

ధర్మలింగం ఇంట్లో గాజు బీరువా నిండా బూట్లు. ఒక్కదానికీ మట్టి అంటలేదు.

"ఇవి వేసుకోరా?"

"లేదు సార్," అన్నాడు ధర్మలింగం. "పోయిన జత ఒక దొర సీమకు పోతా అమ్మినాడు. కొత్తది. ఖరీదు ఎక్కువే. అయితే ముప్పై ఏండ్లు నడిచినా చెక్కు చెదరదు. ఏటా చవక చెప్పులు కొనేదానికన్నా ఇదే లాభం."

"నడిస్తే గదా," అంది రాజాంబాళ్. "ఈయన తిన్నె దిగేదెప్పుడు?"

"ఎల్లప్పకు బీరువా సంగతి తెలుసా?"

"పాలిష్ పెట్టేది వాడే," అన్నాడు ఆ ఇంట్లోనే ఉండే మేనల్లుడు లోకనాథం. "వాని కూతురు చిత్తూరులో ఉండాది. కాసులపేరు ఈపాటికి ఆడికి చేరింటుంది. ఇప్పుడు ఆంధ్రా వేరే రాష్ట్రమాయె. మనం యాడని వెతికేది సార్?"

శివప్రకాశం అందరినీ తిన్నె మీదికి పిలిచాడు. కానిస్టేబుల్ ఎల్లప్పను జట్కాలో తెచ్చి వీధిలో దింపాడు. ఎల్లప్ప అక్కడే చతికిలబడ్డాడు.

"ఈ వీధిలో ఎప్పుడన్నా చెప్పులు కాళ్లకు వేసుకుని నడిచినావా?"

ఎల్లప్ప ధర్మలింగం వైపు చూశాడు.

"లేదు సామీ. వీధి మొనలో విప్పి చేత పట్టుకుంటాము. మా నాయనా అంతే."

"చీకట్లో?"

"చీకట్లోనూ అంతే. ఎవురన్నా చూస్తే తోలు వొలుస్తారు."

"అట్లా విప్పించడం నేరమని పోయినేడు చట్టం వచ్చింది."

"అట్లంట సామీ."

శివప్రకాశం తిన్నె వైపు తిరిగాడు.

"బూట్లు చేత పట్టుకుపోతే పాలిష్‌కు అనుకుంటారు. ఎవరూ ఆపరు. వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఎల్లప్పే దొంగ అయితే బురదలో ఉత్త కాళ్ల జాడలు ఉండాలి. నేరం ఇతని మీదికి తోసినవాడికి ఆ కట్టుబాటు గుర్తు రాలేదు. ఈ వీధిలో చెప్పులు విప్పాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు. ఈ ఇంట్లో తిన్నె దిగి నడిచే మగవాడివి నువ్వొక్కడివే, లోకనాథం. మడమలు చూపించు."

లోకనాథం కాళ్లు పంచెలోకి లాక్కున్నాడు. కానిస్టేబుల్ పంచె తొలగించాడు. రెండు మడమల మీదా బొబ్బలు. కొత్త తోలు కరిచింది.

కాసులపేరు అతని ట్రంకు పెట్టెలో దొరికింది.

"ఇంటి విషయం సార్," అన్నాడు ధర్మలింగం. "కంప్లైంట్ వాపసు తీసుకుంటా."

శివప్రకాశం కాదనలేదు.

ధర్మలింగం దొరికిన బూట్లను తిన్నె మీంచి ఎల్లప్ప ముందుకు తోశాడు. "తీసుకోప్పా. వేసుకునే పో. ఈ ఒక్క దినం ఎవురూ ఏమనరు."

"కాళ్లు దూరవు సామీ."

ఎల్లప్ప పాదం తిప్పి చూపించాడు. అరికాలు నల్లగా ఉబ్బి ఉంది. లాఠీ వాతలు.

శివప్రకాశం కానిస్టేబుల్ వైపు చూశాడు.

"కాసులపేరు యాడుందో రాత్రికి రాత్రే చెప్పించమని ఫోన్‌లో మీరే గదా సార్ అనింది," అన్నాడు కానిస్టేబుల్.

జట్కా అప్పటికే వెళ్లిపోయింది. ఎల్లప్ప బురదలో చేతులు ఆనించి, వీధి మొన వైపు పాకడం మొదలుపెట్టాడు.