చెంచా మీది దొరసాని

పాల ప్యాకెట్లు పొయ్యి పక్కన పెట్టి, ఎల్లమ్మ పడకగదిలోకి వెళ్లి బీరువా తెరిచింది. మర్నాడు ఆదివారం. మనవడు జోయల్‌కు అన్నం ముట్టించే ప్రార్థన. చర్చి నుంచి అయ్యగారు వస్తారు, ఎల్‌బీనగర్ కాలనీలో తెలిసిన నాలుగిళ్ల వాళ్లు వస్తారు. చాపలు, గిన్నెలు, పాయసానికి సేమ్యా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇక వెండి చెంచా ఒక్కటే తోమిపెట్టాలి.

ఆ చెంచా మామగారి కాలం నాటిది. ఆయన మందుల ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో రష్యా ఇంజనీర్లకు వంట చేసేవాడు. వాళ్లలో ఒకావిడ తమ దేశం వెళ్లిపోతూ, ఆయన చేతి వంటకు గుర్తుగా తన ఇంటి పాత చెంచా ఇచ్చిందట. అప్పటి నుంచి ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా మొదటి ముద్ద దానితోనే తిన్నది. కాడ వెనక గోరంత చోటులో గుర్తులు కొట్టి ఉన్నాయి. కిరీటంలాంటి టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి ముఖం, పక్కన అంకెలు, తయారుచేసినవాడి అక్షరం. ఎల్లమ్మ ఆ ముఖాన్ని దొరసాని అని పిలిచేది.

కంటికి ఆనని ఆ దొరసానిని ఇంట్లో వాళ్లకు చూపించినవాడు ఆమె భర్త దేవానందం. బిడ్డ అన్నం ముట్టిన రోజున ఆ గుర్తుల మీద కాస్త కొబ్బరినూనె రాసి, ఎర్ర కొవ్వొత్తి మైనం కారబోసి, గట్టిపడ్డాక మెల్లగా ఊడదీసేవాడు. చిన్న బిళ్ల మీద ముఖం అచ్చు దిగేది. కొడుకు ప్రేమ్ కుమార్ బిళ్ల ఒక ఎండాకాలం కరిగి ముద్దయిపోయింది. కూతురు జోస్నాది మాత్రం బామ్ డబ్బీలో దూది మధ్య ఇంకా ఉంది. దేవానందం మనవడిని చూడకుండానే పోయాడు. జోయల్ బిళ్ల ఎవరు తీస్తారన్న ప్రశ్న ఎల్లమ్మ మనసులో ఉన్నా, పైకి ఎవరితోనూ అనలేదు.

పాత చీర ముక్క విప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. నల్లబడి ఉండవలసిన చెంచా అద్దంలా మెరుస్తోంది. ఆమె దాన్ని అరచేతిలో వేసుకుని తూచింది. తేలికయినట్టు అనిపించింది. చీర ముక్కకు ఎప్పుడూ వేసే ముడి కూడా అది కాదు.

కోడలు జాస్మిన్ బిడ్డకు నూనె రాస్తోంది. చెంచా ఎవరు తోమారని అడిగితే, తలెత్తకుండానే తానే పళ్లపొడితో రుద్దానని చెప్పింది. ఎల్లమ్మ సరేనని వెనుదిరిగింది కానీ, నలభై ఏళ్లుగా ఆ చెంచా తోమిన మనిషికి పళ్లపొడి మెరుపు ఎంతవరకో తెలియనిది కాదు. అది దుకాణం మెరుగు. మొన్న బిడ్డకు బట్టలు కొంటానని జాస్మిన్ మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి వట్టి చేతులతో వచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. సైజులు దొరకలేదంది. అంత పెద్ద బజారులో ఆరు నెలల బిడ్డకు ఒక చొక్కా దొరకలేదంటే, ఆ రోజు నమ్మింది. ఇప్పుడు నమ్మలేకపోయింది.

పక్కింటి సైదమ్మ అప్పు తీసుకున్న పీట తిరిగివ్వడానికి వచ్చి, మాటల్లో తన చెల్లెలి పట్టీల కథ చెప్పింది. మెరుగు పెట్టిస్తానని ఇస్తే, దుకాణంలో మార్చేసి అలాంటివే తగరపువి చేతిలో పెట్టారట. సైదమ్మ యథాలాపంగా చెప్పి వెళ్లిపోయింది. ఎల్లమ్మ ఆ పూటంతా వంటింట్లోంచి కోడలిని గమనిస్తూ కూర్చుంది. జాస్మిన్ ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడినా, బీరువా వైపు చూసినా, ఆమెకు అన్నిటిలోనూ ఒకటే అర్థం కనిపించింది.

మధ్యాహ్నం అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి జోస్నా వచ్చింది. తల్లి గుసగుసగా చెప్పినదంతా విని, గది తలుపు వేసి, ఫోన్ కెమెరాతో చెంచా గుర్తులను పెద్దవి చేసి చూసింది. పక్కన బామ్ డబ్బీలోని తన బిళ్ల పెట్టుకుంది. ఇంటర్నెట్‌లో పాత రష్యా వెండి గుర్తుల గురించి చాలాసేపు చదివింది. ఆమె ముఖం మారిపోయింది.

"నా బిళ్ల మీద దొరసాని కుడి దిక్కు చూస్తున్నది. చెంచా మీద ఎడమ దిక్కు చూస్తున్నదమ్మా."

ఎల్లమ్మ కళ్లద్దాలు సర్దుకుని రెండూ చూసింది. నిజమే.

"ఎటు చూస్తే ఏ కాలం చెంచానో గీండ్ల రాసిండ్రు. ఎడమకు చూస్తే ముందుది, కుడికి చూస్తే తర్వాతది. రెండూ ఒక్క చెంచా మీద ఎట్లుంటయి? ఇంగో, ఆర్ అక్షరం గూడ చూడు. బిళ్ల మీద సక్కగున్నది, చెంచా మీద తిరగబడ్డది. దొంగ ముద్ర కొట్టినోనికి ఆర్ రాయనీకి గూడ రాలే."

బిళ్లలో అంకెలున్న చోట మైనం ఎప్పుడో వేలు తగిలి చెరిగిపోయింది. కాబట్టి వాటితో పోల్చి చూసే వీలు లేకపోయింది. కానీ ముఖం చాలు. ఆ బిళ్ల తీసింది దేవానందం. దేవానందం చేతిని ఎల్లమ్మ అనుమానించలేదు.

సాయంత్రం ప్రేమ్ కుమార్ డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా తల్లీకూతుళ్లు నోరు విప్పలేదు. తర్వాత ఎల్లమ్మ చెంచాను, బిళ్లను బల్ల మీద పెట్టింది. జోస్నా ఫోన్‌లోని ఫొటోలు తమ్ముడికి చూపించింది. అతను ఫోన్ వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు.

"నన్నేమన్నా అడుగుతున్నరా అత్తమ్మా, లేకుంటే నేనే మార్చిన్నని చెప్తున్నరా?" అంది జాస్మిన్.

"దిల్‌సుఖ్‌నగర్‌ల ఏం పని చేసుకొచ్చినవో చెప్పు."

జాస్మిన్ బిడ్డను భుజం మార్చుకుంది. బీరువా తలుపు సందులో పడి చెంచా కాడ వంగిపోయిందని, సరిచేయించడానికి ఒక వెండి దుకాణానికి తీసుకెళ్లానని, అడగకుండానే వాళ్లు మెరుగు కూడా పెట్టారని చెప్పింది.

"మామయ్య పోయినంక మీరు అప్పుడప్పుడు గా మూట విప్పి చూసుకుంటరు. నాకు ఎర్కే. వంగిందని మీతోని చెప్పనీకి నోరు రాలే."

"నీ కండ్ల ముందట్నే చేసిండా?" జోస్నా అడిగింది.

"లేదు వదినా. లోపలికి తీస్కపోయి చేసి తెచ్చిండు."

"అంటే లోపల మార్చినా నీకు తెల్వదన్నట్టు. మార్చమని నువ్వే చెప్పినా మాకు తెల్వదు."

ప్రేమ్ కుమార్ అక్కను వారించబోయాడు. ఈలోగా ఎల్లమ్మే అంది. "పొద్దుగాల పళ్లపొడి అన్నవు. పొద్దుగూకినంక దుకాణం అంటున్నవు. రేపు ఇంకేమంటవో నాకు తెల్వదు బిడ్డా."

ఆమె గొంతు పెంచలేదు. అదే జాస్మిన్‌కు ఎక్కువ తగిలింది.

"రేపు ప్రార్థన అయినంక మలక్‌పేటకు పోత, మా అమ్మోళ్లింటికి. అయ్యగారు మొదటి ముద్ద పెట్టనీయండి. నన్ను దొంగ అన్న ఇంట్ల రెండో ముద్ద నేను పెట్ట."

ఆ తర్వాత ఎవరూ సరిగా తినలేదు. భార్య సంచీలో బిడ్డ బట్టలు సర్దుతుంటే ప్రేమ్ కుమార్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆపలేదు, సాయం చేయలేదు. నిజం ఏదో తెలిస్తే ఏదో ఒకటి చేసేవాడే.

తెల్లవారి ఎల్లమ్మ వంటింట్లో పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది. నలుగురిలో మనవడితో కోడలు వెళ్లిపోతే, తప్పు అత్తదేనంటారు. అయ్యగారైనా నిజం తెలుసుకోవాలి. కానీ పెద్దాయనకు చూపు తక్కువ. ఫోన్‌లో ఫొటోలంటే విసుక్కుంటారు. అసలు బిళ్ల పక్కన ఈ దొంగ చెంచా బిళ్ల కూడా పెడితే, ఎవరైనా ఒప్పుకోక తప్పదు.

ఆమె ఎర్ర కొవ్వొత్తి వెలిగించింది. చెంచా కాడ మీద వేలితో నూనె రాసింది. మైనం చుక్కలు చుక్కలుగా కారబోస్తుంటే, దేవానందం ఊపిరి బిగబట్టి అదే పని చేయడం కళ్ల ముందు మెదిలింది. మైనం గట్టిపడేదాకా ఆగి, గోటితో అంచు లేపి ఊడదీసింది. బామ్ డబ్బీ తెరిచి, పాత బిళ్ల పక్కన పెట్టి, కిటికీ వెలుగులోకి జరిపింది.

రెండు బిళ్లల మీదా దొరసాని కుడివైపే చూస్తోంది.

ఎల్లమ్మ కళ్లద్దాలు తీసి, పైట చెంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. చెంచా తిప్పి చూసింది. అక్కడ ఎడమవైపే. బిళ్లల మీద ఆర్ అక్షరం రెండింటిలోనూ ఒకే తీరున ఉంది. పాత బిళ్లలో దొరసాని టోపీ మీదుగా వెంట్రుకలాంటి గీత ఒకటి ఉంటుంది. కొత్తదానిలోనూ ఉంది, సరిగ్గా అదే చోట. కొత్తదానిలో చెరగని నాలుగు అంకె మాత్రం ముఖం తిప్పుకుని నిలబడింది, రబ్బరు ముద్ర మీది అంకెలాగ.

అచ్చు తీస్తే ఎడమ కుడి అవుతుంది. చెంచా మీద తిరగబడ్డ ఆర్‌లా కనిపించింది రష్యా వాళ్ల అక్షరమే. ఇంట్లో అందరికీ తెలిసిన దొరసాని మైనం మీది మనిషి. అసలు చెంచాను ఇన్నేళ్లుగా ఒక్కరూ అంత దగ్గరగా చూడలేదు. చూసిన మొదటిసారే దొంగదన్నారు.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. వాసనకు పరుగెత్తుకొచ్చిన జోస్నా గ్యాస్ కట్టేసి, తల్లి చేతిలోని బిళ్లలు చూసింది. ఒకదాని తర్వాత ఒకటి వంగి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎల్లమ్మ గదిలోకి వెళ్లింది. సంచీ జిప్పు వేసి ఉంది. జాస్మిన్ బిడ్డకు కొత్త చొక్కా తొడుగుతోంది. అది మలక్‌పేట నుంచి వాళ్లమ్మ పంపిన చొక్కా.

"జర చెయ్యి పట్టు బిడ్డా."

జాస్మిన్ చెయ్యి చాపలేదు. ఎల్లమ్మే ఆ చెయ్యి తీసుకుని, రెండు బిళ్లలూ అరచేతిలో పెట్టింది. ఏది ఏదో చెప్పింది. ఎలా తెలిసిందో చెప్పింది. ఎందుకోసం తీసిందో కూడా దాచలేదు.

"అయ్యగారి ముందట నిన్ను దొంగను చేద్దామని తీసిన. తప్పు నాది. మీ మామయ్య ఉంటే నన్ను ఇంట్లకు రానీయకపోయేటోడు."

జాస్మిన్ చాలాసేపు ఆ బిళ్లలనే చూసింది. ఆమె కన్నీళ్లు బిడ్డ చొక్కా మీద పడ్డాయి.

"వంగిన్నాడే చెప్పాల్సుండె అత్తమ్మా. మీరు ఏడుస్తరని భయపడ్డ."

"ఏడిస్తే ఏమాయె. ఇద్దరం కూసోని ఏడుద్దుము."

గుమ్మంలో ప్రేమ్ కుమార్ నిలబడి ఉన్నాడు. నిన్నటి నుంచి అతను మొదటిసారి నోరు విప్పాడు. భార్య చేతిలోని కొత్త బిళ్ల చూపిస్తూ, ఇది ఎవరిదని అడిగాడు.

ఎల్లమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. అప్పటిదాకా ఆ సంగతి ఆమెకే తట్టలేదు. అన్నం ముట్టించే రోజు. అదే చెంచా, అదే నూనె, అదే ఎర్ర మైనం. ఇన్నాళ్లుగా ఎవరు చేస్తారా అని లోలోపల కుమిలిన పని, కోపంలో తన చేతులే చేసేశాయి.

"జోయల్‌ది" అంది. "మీ నాయిన తీసే తీరుగనే తీసిన."

కొత్త బిళ్లను జోస్నా తన బిళ్ల పక్కనే దూదిలో పెట్టి డబ్బీ మూసింది. జాస్మిన్ సంచీలోని బట్టలు తీసి మళ్లీ అరలో సర్దసాగింది. జాస్మిన్ వద్దనలేదు.

పది దాటాక అయ్యగారు వచ్చారు. ప్రార్థన చేసి, పాయసం తీసి జోయల్ నోటికి అందించారు. బిడ్డ చెంచాను చిగుళ్లతో కొరికి వదల్లేదు. అందరూ నవ్వారు. ఆయన చెంచాను ఇంటికి పెద్దదని ఎల్లమ్మ చేతికి ఇచ్చారు, రెండో ముద్ద పెట్టమని.

ఎల్లమ్మ దాన్ని జాస్మిన్ చేతిలో పెట్టింది. జాస్మిన్ కాసేపు అత్త ముఖంలోకి చూసింది. తర్వాత చెంచా పాయసంలో ముంచింది.