మేబ్రీ దిగే తీరు

ఉదయం ఏడింటికే లేక్‌ఫీల్డ్ కాలేజీ ఆటశాలలో బంతుల చప్పుడు మొదలైంది. బాస్కెట్‌బాల్ కోచ్ స్ట్రాండ్ మాత్రం బంతిని చూడటం లేదు. గోడమీది తెరను చూస్తున్నాడు. దానిమీద తొంభై ఏడు అన్న అంకె మూడు రోజులుగా కదలనంటోంది.

"ఇంకో యాభైసార్లు ఎగురు, టెవిన్. ఎడమ మూల నుంచి."

టెవిన్ మేబ్రీ ఎగిరాడు. ఒంటికి అతుక్కున్న బూడిదరంగు తొడుగు అతని ప్రతి కదలికనూ రాసుకుంటోంది. దాన్ని కండరలేఖిని అంటారు. రాత పూర్తయ్యాక దాన్ని ప్రతితొడుగుల్లోకి ఎక్కిస్తారు. ఆ ప్రతితొడుగు వేసుకుని ఆరు వారాలు ఆడిన ఏ పిల్లకైనా, పిల్లాడికైనా టెవిన్ ఆట ఒంటబడుతుంది. అమెరికాలో బడి జట్లన్నీ ఇప్పుడు ఇలాగే నేర్చుకుంటున్నాయి. పదేళ్ళ చెమట ఎవరిక్కావాలి? కాలేజీ ఆటగాడి బతుకంతా, రాత నూటికి ఎంతయిందో చూపే ఆ తెరమీది అంకె నూటికి చేరడంలోనే ఉంది.

టెవిన్ గార్డ్, అంటే ముందుండి బంతిని నడిపించేవాడు. తాటిచెట్లంత మనుషుల మధ్య ఐదడుగుల పదకొండంగుళాల వాడికి దొరికే చోటు అదొక్కటే. అతను ఎంత ఎత్తుకు ఎగిరినా ఎడమకాలి మీదే దిగుతాడు. వ్యాఖ్యాతలు దానికి 'మేబ్రీ దిగుడు' అని పేరు కూడా పెట్టి మురిసిపోయారు.

అసలు సంగతి టెవిన్ ఒక్కడికే తెలుసు. నిరుడు జనవరిలో ఒక మ్యాచ్‌లో ఎవరి పాదం మీదో దిగి అతని కుడి మోకాలు మెలిపడింది. అప్పటినుంచి ఆ కాలు ఆనిస్తే ప్రాణం పోయినంత పనవుతోంది. గీత దగ్గర నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా బుట్టలోకి వేసే ఫ్రీత్రోకు ముందు చెమట తుడుచుకుంటున్నట్టు వంగి, బొటనవేలితో ఆ మోకాలిని ఒకసారి గట్టిగా నొక్కుకుంటాడు. అదీ అతని సొగసేననుకుని జనం చప్పట్లు కొట్టారు.

లేక్‌ఫీల్డ్‌లో నొప్పి మాట ఎవరూ ఎత్తరు. కోర్టులోకి వెళ్ళేముందు ప్రతివాడూ తలుపు చట్రాన్ని అరచేత్తో చరిచి "బాగున్నా" అనాలి. అరవై ఏళ్ళ ఆనవాయితీ అది. ఆ మాట అనలేనివాడి లేఖిని విప్పించి ఇంటికి పంపేస్తారు. తేలు కుట్టిన దొంగలా టెవిన్ ఏడాదిగా తలుపు చరుస్తూనే ఉన్నాడు. నూరు చేరినవాణ్ణి, డబ్బిచ్చి ఆడించే వృత్తి జట్లు ఎగరేసుకుపోతాయని అందరూ అనే మాట మీదే అతని ఆశంతా.

నాలుగో రోజు అంకె నూటికి చేరింది. ఒంట్లో ఏ లోపమూ లేదని సంతకం పెట్టించుకోవడానికి జట్టు ఫిజియో ఒడెట్ అతన్ని పిలిచింది. ముప్ఫై ఏళ్ళుగా కాళ్ళూ చేతులే చూస్తున్న మనిషి.

"ఎడమకాలి మీదే ఎందుకు దిగుతున్నావు?" అని సూటిగా అడిగింది.

"నా పద్ధతే అంతండీ."

"ఏదీ, కుడి మోకాలు చూడనీ."

"ఇప్పుడెందుకండీ? బానే ఉంది."

ఒడెట్ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "చూడు టెవిన్, ఇది నీ ఒక్కడి కాలితో పోయే వ్యవహారం కాదు. దీన్ని పదేళ్ళ పిల్లలకు ఎక్కిస్తారు. లేఖిని కదలికను రాసుకుంటుందంతే. ఎందుకలా కదిలావో దానికి తెలీదు. నువ్వు చెప్తేనే నాకు తెలిసేది."

టెవిన్ నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్తే ఆడనివ్వరు అనుకున్నాడు. అయినా నిక్షేపంలాంటి మోకాళ్ళున్న పిల్లలకు నా నొప్పెలా అంటుకుంటుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"బాగున్నా," అని సంతకం పెట్టాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

వృత్తి జట్లకు అతని ఆట బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే, ప్రతిని తెప్పించుకుని ఆరడుగుల ఏడంగుళాల వాళ్ళకు ఎక్కించుకున్నాయి. టెవిన్‌కు ఒక్క జట్టు నుంచీ ఫోన్ రాలేదు. ఇరవై రెండేళ్ళకే అతని ఆట అయిపోయింది.

ఏడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం టెవిన్ కుంటుకుంటూ టొలీడోలో ఒక బడికి వెళ్ళాడు. నీటి గొట్టాలు బాగుచేయడం ఇప్పుడతని పని. వెనక మైదానంలో పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటే కంచె దగ్గర ఆగాడు. పదిమంది ఎగురుతున్నారు. పదిమందీ ఎడమకాలి మీదే దిగుతున్నారు.

ఒక పాప ఫ్రీత్రో గీత దగ్గరికొచ్చి, చెమట తుడుచుకుంటున్నట్టు వంగి, బొటనవేలితో కుడి మోకాలిని నొక్కుకుంది. బంతి వేసింది. పడింది. నీళ్ళ సీసా కోసం ఆమె కంచె దగ్గరికి రాగానే టెవిన్ ఉండబట్టలేక అడిగాడు.

"పాపా, ఆ మోకాలు నొప్పా?"

"ఇదా? అబ్బే, మేబ్రీ ప్రతిలో అలా నొక్కడం ఉంటుంది." పాప వంగి రెండోకాలి తొడుగు పైకి జరిపింది. ఎడమ మోకాలు వాచి, చుట్టూ కట్టు ఉంది. "నొప్పి దీనికి. మా జట్టులో అందరికీ ఉంది."

టెవిన్‌కు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఒడెట్ కాగితం మీద పెట్టిన చెయ్యి కళ్ళముందు కదిలింది.

"ఎవరికైనా చెప్పావా, అమ్మా?"

పాప అతన్ని తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"చెప్తే ఆడనివ్వరుగా," అంది. అని, కంచె స్తంభాన్ని అరచేత్తో ఒక్క చరుపు చరిచి, మళ్ళీ కోర్టులోకి పరిగెత్తింది.