ఓబళప్ప పుట్టించిన దెయ్యం

చిక్కపేటలోని ఆ పాత చీరల గోడౌన్‌లో మూడో అంతస్తు మెట్ల మలుపంటే హమాలీలకు కూడా హడలే. ఒంటరిగా ఎక్కినవాడి రొమ్ము మీద ఓ ఆడదెయ్యం కూర్చుని ఊపిరి పిండేస్తుందట...

ఆ మాట పుట్టించింది అక్కడి గుమాస్తా ఓబళప్పే. పైన చీరల మూటల మీద కునుకు తీస్తుంటే ఎవరూ వచ్చి లేపకూడదని!

ఆ మధ్య బండి గుద్ది అతని ఎడమకాలు విరిగింది. ఐదు వారాలు సిమెంటు కట్టుతో మంచానికే అతుక్కుపోయాడు. కట్టు విప్పించుకుని పనిలోకొచ్చిన నాలుగో రోజు, రాత్రి ఎనిమిదింటికి, ఆఖరి బేరానికి ధర్మవరం చీరొకటి తేవడానికి పైకెక్కాడు.

మొదటి అంతస్తు... రెండోది... పిక్క సలుపుతోంది. రెండు రోజులుగా వాచే ఉంది. కట్టు విప్పాక మామూలేలే అనుకున్నాడు.

మూడో మలుపు —

ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. గాలి పీల్చబోతే పక్కటెముకల్లో కత్తి దిగినట్టు పోటు. గుండె దడదడ. ఒళ్లంతా చల్లటి చెమట. రొమ్ము మీద ఎవరో కూర్చున్నారు... అచ్చం తను చెప్పినట్టే!

"ఎవరైనా... రండప్పా..."

కింద ఆ మూలుగు విన్నారు. విని, హమాలీలిద్దరూ వీధిలోకి పరుగు తీశారు. యజమాని జయరామప్ప గడప దాటి నిలబడి గుసగుసగా అన్నాడు —

"పైకి పోవద్దండి. ఓబళప్ప చెప్పినాడు గదా!"

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు... సెల్‌ఫోన్ వెలుగు... పక్క కొట్లో చీరలకు ఫాల్ కుట్టే నేత్రావతి. ఒకప్పుడు ఆస్పత్రిలో ఆయాగా చేసిన మనిషి. నీలమెక్కిన పెదాలు చూసింది. ప్యాంటు పైకి లాగి పిక్కలు చూసింది. ఎడమది కుడిదానికి రెండింతలుంది.

"కదలొద్దు. ఒక్క మెట్టు గూడా దిగొద్దు."

కిందివాళ్లను తిట్టి రప్పించి, కుర్చీలో మోయించింది.

ఆస్పత్రిలో స్కాన్ తీశారు. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డుపడిందన్నాడు డాక్టరు. రక్తం పలచబడే ఇంజెక్షన్లు వెంటనే మొదలుపెట్టారు. మూడు నెలలు మాత్రలు మానొద్దన్నారు. ఇంకాస్త ఆలస్యమయ్యుంటే మనిషి దక్కేవాడు కాదట.

నాలుగో రోజు చూడ్డానికొచ్చిన నేత్రావతితో ఓబళప్ప సిగ్గుపడుతూ నిజం కక్కేశాడు.

"ఆ మెట్ల మీద దెయ్యమూ లేదు, గియ్యమూ లేదక్కా. నిద్ర కోసం నేనే కల్పించినా. నా మూలుగు విని భయపడకుండా వచ్చింది నువ్వొక్కదానివే."

బత్తాయి ఒలుస్తున్న నేత్రావతి చేతులు ఆగిపోయాయి.

"మూలుగా? మిషను మోతలో నాకేమీ వినపడలేదప్పా... కొట్లో నేనొక్కదాన్నే ఉండా. చెవి దగ్గర ఎవరో ఆడమనిషి చెప్పింది — 'పైన ఒకడు పోతుండాడు. నేనేమీ చేయలేదు, అయినా నా పేరే చెప్తారు... తొందరగా పో!'"