పది గంటలు మింగిన విమానం

"పొద్దున ఎనిమిదికి ఎక్కితే అదే రోజు పన్నెండుకి దిగుతాడట. ప్రయాణమేమో పద్నాలుగు గంటలట. మిగతా పది గంటలూ నా కొడుకుని ఎక్కడ దాచిపెడతారమ్మా?"

టికెట్ల ఆఫీసు తలుపు పూర్తిగా తెరుచుకోకముందే అమ్మ గొంతు లోపలికి వెళ్లిపోయింది. వినడానికి మాత్రం ఎవరూ లేరు. కౌంటర్‌లో అమ్మాయి భోజనానికి వెళ్లింది. గోడ మీద ఐదు గడియారాలు ఐదు రకాల టైము చూపిస్తున్నాయి.

"చూశావురా? చెడిపోయిన గడియారాలు పెట్టుకుని విమానాలు నడుపుతున్నారు. సరిచెయ్యి."

కొడుకు వాచీల మెకానిక్కు. పెద్ద గడియారాల పని నేర్చుకోవడానికి మూడు నెలలు దూరదేశం వెళ్తున్నాడు. గోడ మీద గడియారాల కింద వేరువేరు దేశాల ఊళ్ల పేర్లు రాసి ఉన్నాయి గానీ, తప్పు టైము కనబడితే అతనికి ఇక అక్షరాలు కనబడవు. కుర్చీ ఎక్కాడు.

అమ్మాయి తిరిగొచ్చేసరికి ప్రపంచమంతటా ఒంటిగంటన్నర.

"ఎవరండీ ఈ పని చేసింది?"

"నేనేనండీ. ఉచితమే."

ఆమె నెత్తి పట్టుకుంది. ఆ కళ్లలో కోపం చూసి, ఇంత అందమైన తిట్టు మళ్లీ తినాలనిపించింది అతనికి.

తప్పు దిద్దడానికి రోజుకొక గడియారం చొప్పున వచ్చాడు. రెండు నిమిషాల పనిని గంటసేపు సాగదీశాడు. ఆమెకి తెలుసు. అయినా కుర్చీ తనే తెచ్చి వేసేది.

సోమవారం విమానం. ఆలోపు నోరు విప్పకపోతే ఈ మూడు నెలల్లో ఎవరో ఒకరు ఆమెని ఎగరేసుకుపోతారు. ఐదో రోజు అమ్మ కూడా వెంట వచ్చింది.

"పన్నెండు వేల కిలోమీటర్లలో ఆగే చోటు ఒక్కటీ లేదా తల్లీ?"

"లేదండీ."

"మరి డ్రైవరుకి ఆకలేస్తే?"

"లోపలే తింటాడండీ."

"తింటూ నడుపుతాడా?" అమ్మ కుర్చీలో కూలబడింది. "నా వల్ల కాదు. వాడు గాల్లో ఉన్నంతసేపూ నువ్వొచ్చి మా ఇంట్లో కూర్చో. ఎక్కడిదాకా వెళ్లాడో చెబుతూ ఉండు. దిండు వేస్తాను."

కొడుకు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ పద్నాలుగు గంటలే ఎందుకండీ? నేను తిరిగొచ్చాక కూడా... ఉండిపోకూడదా?"

ఫోను మోగి మోగి ఆగిపోయింది. కౌంటర్ ముందు పాస్‌పోర్టు అందిస్తున్న ఒక పెద్దమనిషి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పిల్లకి ఊపిరి ఆగిందేమోనని అమ్మ గబగబా మంచినీళ్ల గ్లాసు ముందుకి తోసింది.

ఆమె ఆ నీళ్లు మొత్తం తాగింది. గ్లాసు కింద పెట్టి, అతని వైపు చూడకుండా అమ్మతో అంది:

"ఆదివారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు. ఇద్దరూ వచ్చి ఆయన్ని అడగండి. నన్ను మళ్లీ అడగక్కర్లేదు."