నిచ్చెన పట్టుకునే చెయ్యి

ఆ ఇంట్లో పొద్దున్నే మిక్సీ ఆగిపోతే ఎవరూ కంగారుపడరు. "ఫ్యూజూ!" అని ఒక్క కేక వేస్తే చాలు, ఆ పిల్ల స్క్రూడ్రైవరుతో సహా ప్రత్యక్షమవుతుంది. చిన్నప్పుడు ప్లగ్గులో హెయిర్‌పిన్ను దూర్చి ఇల్లంతా చీకటి చేసిందని నానమ్మ పెట్టిన పేరది. ఇప్పుడు ఒకేషనల్ కాలేజీలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతోంది.

ఆ రోజు మిక్సీ ఆగింది. కేకా వేశారు. పిల్ల రాలేదు.

నాన్న బూట్లు తొడుక్కుంటూ తల తిప్పి, మంచం మీద ముడుచుకుని కూర్చున్న కూతుర్ని చూశాడు. ఆయన సిటీ బస్సు కండక్టరు. కాలు పెట్టే చోటు లేని బస్సులోనూ పదిమందికి సర్ది చెప్పగల మనిషి. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లకి సర్ది చెప్పడం మాత్రం ఇంకా చేతకాలేదు.

"టైమవుతుంటే ఆ ల్యాబ్ కోటు వేసుకోవేమే?" అంది అమ్మ.

"కడుపునొప్పి."

"పోయిన వారం కూడా ప్రాక్టికల్ రోజే వచ్చింది నీ కడుపునొప్పి," అంది నానమ్మ మిక్సీ మూత తీస్తూ. "దానికి టైంటేబుల్ ఎవరిచ్చారే?"

పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది.

విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. పైకప్పు వైరింగు నేర్చుకోవాలంటే నిచ్చెన ఎక్కాలి. ఒకరు ఎక్కితే ఇంకొకరు కింద పట్టుకోవాలి. ఆడపిల్ల ఎక్కిందంటే చాలు, ఇన్‌స్ట్రక్టరు కింద ఉన్నవాళ్లని ఏదో తెమ్మని స్టోరుకి తోలి, తానే వచ్చి పట్టుకుంటాడు. చెయ్యి నిచ్చెన మీద ఆగదు, కాలి మీదికి పాకుతుంది. అదేమంటే "పడిపోతావని పట్టుకున్నా" అంటాడు. పైనున్న పిల్ల రెండు చేతుల్లోనూ వైర్లే. విదిలించుకుంటే నిజంగానే పడుతుంది.

నాన్న మొహం కందగడ్డలా అయింది. "చాలు. ఇవాళ్టితో ఆ కోర్సు బంద్. మీ అత్త దగ్గర కుట్టుపని నేర్చుకో."

"నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు నాన్నా! అయినా మరి అతన్నేం చేస్తావ్?"

"వాడి సంగతి మనకెందుకు? మన జాగ్రత్తలో మనముండాలి."

"బాగుందిరా నీ జాగ్రత్త," అంది నానమ్మ. "ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకుంటామా? నేను వెళ్తా దానికి తోడు. చూద్దాం, ఆ చెయ్యి ఎంత పొడుగుందో."

అన్నంతపనీ చేసింది. కళ్లజోడు తుడుచుకుని, మంచినీళ్ల సీసా సంచిలో వేసుకుని, ల్యాబ్ గుమ్మంలో స్టూలు మీద కూర్చుంది. ఎవరు మీరని ఇన్‌స్ట్రక్టరు అడిగితే, "దాని నానమ్మని నాయనా. ఇంట్లో పొద్దుపోక కరెంటు నేర్చుకుందామని వచ్చా. కానీ, నువ్వు పాఠం చెప్పు," అందట.

సాయంత్రం కండక్టరు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆవిడ కోడలికి స్విచ్‌బోర్డు చూపించి ఉపన్యాసం ఇస్తోంది. కొడుకుని చూడగానే మాట ఆపింది.

"మనదాని జోలికి రాలేదురా వాడు."

"హమ్మయ్య."

"హమ్మయ్య ఏమిటి? రెండు జడల పిల్ల ఒకతె ఉంది, నోట్లో నాలుక లేనిది. వాడు దాని నిచ్చెన దగ్గరికి పోయాడు. కళ్లజోడు సర్దుకుని మరీ చూశా. నేను లేచి కేకేసేదాకా వదల్లేదు. మనం మన మడికి కంచె వేశాం, ఆంబోతు పక్క చేలో పడింది. అంతే తేడా."

"అందర్నీ మనం కాయగలమా అమ్మా? అందుకే మాన్పించేద్దామన్నా."

పిల్ల గుమ్మంలోంచి అడిగింది. గొంతు పెద్దదేం కాదు. "నీ బస్సులో ఎవడైనా ఓ ఆడమనిషితో వెధవ వేషాలేస్తే ఎవర్ని దింపుతావు నాన్నా? వాణ్ణా, ఆవిణ్ణా?"

"వాణ్ణే. మెడబట్టి."

"మరి ఇక్కడ నన్నెందుకు దిగమంటున్నావ్?"

నాన్న భుజానున్న టికెట్ల సంచి తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మ టీ గ్లాసు చేతికిస్తూ, "రేపు సెలవు పెట్టండి," అంది.

మర్నాడు నలుగురు ప్రిన్సిపల్ గదికి వెళ్లారు. తండ్రీ కూతుళ్లు, సాక్ష్యం చెప్పడానికి నానమ్మ, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని రెండు జడల పిల్ల. దారంతా కండక్టరు మనసులో మాటలు పేర్చుకున్నాడు. తీరా లోపలికి వెళ్లాక మేడమ్ ఆయన్ని కూర్చోమని, పిల్లల వైపు తిరిగింది. మధ్యలో ఎవర్నీ మాట్లాడనివ్వకుండా చివరిదాకా విన్నది. విన్నాక అడిగింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా? భయపెట్టాడా?"

"మార్కులు తీసేస్తానన్నాడు మేడమ్. దానికి భయపళ్లేదు." పిల్ల తండ్రి వైపు చూడకుండా అంది. "ఇంట్లో తెలిస్తే మా నాన్న చదువు మాన్పించేస్తాడని భయపడ్డాను."

"మా ఇంట్లోనూ అంతే మేడమ్," అంది రెండు జడల పిల్ల. ఆ ఉదయం ఆమె పలికిన మొదటి మాట అదే.

కండక్టరు తల వంచుకున్నాడు. పిల్ల దేనికి భయపడి నోరు నొక్కుకుందో, విషయం తెలిసిన మరుక్షణం తాను అక్షరాలా అదే చేశాడు. ఎదురుగా టేబుల్ అంచు కాస్త మసకబారింది. పక్కనుంచి తల్లి చెయ్యి వచ్చి ఆయన మోకాలి మీద వాలింది. చిన్నప్పుడు పరీక్ష తప్పి ఇంటికొచ్చినప్పుడు వాలినట్టే.

మేడమ్ అప్పటికప్పుడే ఫిర్యాదుల కమిటీని పిలిపించింది. విచారణ తేలేదాకా ఆ ఇన్‌స్ట్రక్టరు కాలేజీలో అడుగుపెట్టకూడదని, అతని క్లాసు వేరే టీచరు చూడాలని ఆర్డరు రాసింది. ఇకమీదట నిచ్చెన ఎక్కే పిల్ల ఎవరి పేరు చెబితే వాళ్లే కింద పట్టుకోవాలని, వాళ్లని మధ్యలో ఎవరూ బయటికి పంపకూడదని కూడా రాసింది. పిల్లలు మిగతా వివరాలు కమిటీలోని ఇంకో మేడమ్‌కి విడిగా చెప్పి వచ్చారు.

"అమ్మాయి కోర్సు కొనసాగిస్తుంది కదండీ?" అడిగింది ప్రిన్సిపల్.

కండక్టరు అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాడు. "దాన్నే అడగండి మేడమ్."

పిల్ల అప్పటికే లేచి నిలబడింది. "ఇవాళ కూడా ప్రాక్టికల్ ఉంది, మొదలైపోయింది మేడమ్. వెళ్లమంటారా?"

వరండాలోకి వచ్చాక నానమ్మ, రెండు జడల పిల్ల ముందు నడిచారు. "ఫేజు అంటే ఏమిటో చెప్పనా?" అని ఆవిడ, "నాకు తెలుసు నానమ్మా" అని ఆ పిల్ల. నాన్న కూతురి పక్కన నెమ్మదిగా నడిచాడు.

"తల్లీ, మళ్లీ ఎప్పుడైనా ఏదైనా జరిగితే..."

"చెప్తా నాన్నా."

"ముందు పూర్తిగా వింటా. మధ్యలో నోరెత్తను."

"అది నీవల్ల కాదులే," అంది పిల్ల, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటూ.

ఆయన ఏదో అనబోయి, ఆగి, ఇంకా ఏమైనా చెబుతుందేమోనని కూతురి మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.