ప్లస్ ఉండాల్సిన చోట మైనస్

ఉదయం ఎనిమిదింటికి అంతరిక్ష కేంద్రం గేటు ముందు ఒక లారీ స్కూటర్‌ని గుద్ది వెళ్ళిపోయింది. స్కూటర్ మీదున్న ఇంజనీరు అక్కడికక్కడే పోయాడు. రోడ్డు మీద లారీ బ్రేకు వేసిన గీత ఒక్కటి కూడా లేదు.

తొమ్మిదిన్నరకు రహస్య విభాగం ఆఫీసులో చీఫ్ ఆ ఫైలు మీద ‘యాక్సిడెంట్’ అని రాయబోతుంటే, ఎదురుగా నిలబడ్డ ఏజెంటు ఆయన చేతిలోని పెన్ను లాక్కున్నాడు.

డిపార్ట్‌మెంటులో అతన్ని సుత్తి అంటారు. మాటలతో ప్రాణం తీస్తాడని కాదు. మాటలు అయిపోయాక అతను చేసే పనిని బట్టి వచ్చిన పేరది. చనిపోయిన ఇంజనీరు అతని భార్యకు సొంత తమ్ముడు.

“ఏడున్నరకి వాడు నాకు పెట్టిన మెసేజ్ సార్ ఇది. చదవండి.”

చీఫ్ చదివాడు. ‘బావా, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది. ఇవాళ మన శాటిలైట్ పైకి పోదు, కిందికి పడుతుంది. ఎవరో కావాలనే మార్చారు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుకి చెప్పాను. నువ్వూ ఓసారి రా.’

చీఫ్ మొహం పాలిపోయింది. “ఆ కన్సల్టెంటు మన గూఢచారి హంస. మూడేళ్ళుగా విదేశీ ముఠాలో ఉండి మనకి సమాచారం ఇస్తోంది.”

“వాడు ఆవిడకి చెప్పిన అరగంటలో లారీ వచ్చింది. ఇంకా మన మనిషేనంటారా?”

“ప్రూఫ్ లేకుండా ఎలాగయ్యా...”

“ప్రూఫ్ మార్చురీలో పడుకుని ఉంది సార్!” సుత్తి బల్ల మీద గుద్దిన గుద్దుకి గ్లాసు దొర్లి కిందపడింది. “హత్య అని రాయండి.”

చీఫ్ పెన్ను వెనక్కి తీసుకుని రాశాడు. తర్వాత గబగబా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. సముద్రంలో తుఫాను ముదురుతోంది. వేటకెళ్ళిన పడవలు వందల్లో ఉన్నాయి. దాన్ని కనిపెట్టి చూస్తున్నది ఈ ఒక్క శాటిలైటే. ఇవాళ మధ్యాహ్నం దాని ఇంజన్ మండించి ఎత్తు పెంచాలి. అది కాలిపోతే ఫోటోల కోసం పరాయి దేశం కాళ్ళు పట్టుకోవాలి. ముఠాకి కావలసింది అదే.

“ఫోన్ చేసి చెబితే హంస జాగ్రత్తపడుతుంది. ఏసీ మెకానిక్‌గా వెళ్ళు. కంట్రోల్ రూమ్ హెడ్ మేడమ్ మనకి నమ్మకస్తురాలు. కోడ్ గుర్తుంచుకో.”

పదకొండు నలభైకి సుత్తి నీలం యూనిఫాంలో, సంచీ భుజానేసుకుని కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళాడు. కళ్ళద్దాల మేడమ్ ఒకావిడ స్క్రీన్ ముందు కూర్చుని ఉంది.

“చల్లదనం సరిపోతోందా మేడమ్?”

ఆవిడ ఉలిక్కిపడింది. “లేదు బాబూ. చెమటలు పడుతున్నాయి.”

కోడ్ కలిసింది. వెనక నుంచి సెంటు వాసన కూడా వచ్చింది.

“ఏసీ మెకానిక్కులు ఇంత మంచి బూట్లు వేసుకోరు,” అంది హంస. చెవులకి ముత్యాలు, పెదవుల మీద నవ్వు, చేతిలో పిస్తోలు. “ఆలస్యమైంది. ఇంకో నాలుగు నిమిషాల్లో శాటిలైట్ భూమికి అవతలి వైపు వెళ్ళిపోతుంది. ఇంజన్ అక్కడ మండుతుంది. కావాలంటే ఇప్పుడే మండించగలను.” ఎడమచేత్తో ఫోన్ నొక్కింది.

ఫోన్ పలకలేదు. సుత్తి చేతిలోని స్క్రూడ్రైవర్ పిడిలో ఫోన్ సిగ్నల్ ఆపేసే జామర్ ఉంది.

“వాడేం చేశాడు నిన్ను?” అన్నాడు సుత్తి.

“లెక్కలు బాగా చేశాడు.”

ఆ మాటతో అతనికి ఒళ్ళు తెలియలేదు. సంచీ ఆమె మీదికి విసిరి దూకాడు. గుండు గోడలో దిగింది. పిస్తోలు మడమ నుదుటికి తగిలి రక్తం కళ్ళలోకి కారింది. అయినా ఆమె మణికట్టు వదల్లేదు. మరుక్షణం పిస్తోలు అతని చేతిలో ఉంది, దాని గొట్టం ఆమె కణత మీద ఉంది.

“నీ కోపం తర్వాత తీర్చుకుందువుగాని నాయనా!” అరిచింది మేడమ్. “మూడు నిమిషాలే ఉంది!”

సుత్తి పళ్ళు నూరుతూ హంస చేతుల్ని వైరుతో కుర్చీకి బిగించాడు. “ఇంజన్ ఆపండి.”

“ఆపలేను. పాస్‌వర్డ్ మార్చేసింది.”

“నేను చెప్పను,” అంది హంస.

మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. “పోయే దిక్కుకే తోస్తే వేగం పెరిగి అవతలి వైపు ఎత్తెక్కుతుంది. ఎదురుగా తోస్తే వేగం తగ్గి గాల్లోకి దిగి కాలిపోతుంది. అదే ఇంజన్, అదే మంట. తేడా అంతా శాటిలైట్ ఎటు తిరిగి ఉందన్నదే.” చటుక్కున కీబోర్డు దగ్గరికి లాక్కుంది. “ఇంజన్‌కి తాళం వేసింది గానీ, మొహం తిప్పడానికి వెయ్యలేదు!”

హంస నవ్వు ఆగిపోయింది.

మేడమ్ వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. నూట ఎనభై డిగ్రీలు. ముప్పై సెకన్లు. పది. ఎంటర్ నొక్కింది. ‘అందింది’ అని ఒక్క పదం వెలిగింది, వెంటనే సిగ్నల్ పోయింది.

గార్డులు వచ్చి హంసని తీసుకెళ్ళారు. గంటా ఇరవై నిమిషాలు సుత్తి బోనులో పులిలా తిరిగాడు. మేడమ్ ఇచ్చిన కర్చీఫ్ ఎర్రగా తడిసింది. మళ్ళీ కనిపించాల్సిన సమయం దాటింది. స్క్రీన్ ఖాళీ.

“రాలేదు!” గోడ మీద పిడికిలితో కొట్టాడు. “వాడి ప్రాణం ఊరికే పోయింది!”

“కూర్చో. ముందొస్తేనే భయపడాలి. ఎత్తెక్కింది కదా, తిరగాల్సిన దారి పెరిగింది. ఆలస్యంగానే వస్తుంది.”

“వేగం పెంచితే ఆలస్యమా? ఇదేం లెక్క మేడమ్?”

“మీ బావమరిదికి బాగా వచ్చిన లెక్క.”

రెండు నిమిషాల ఆలస్యంగా స్క్రీన్ మీద చుక్క వెలిగింది. ఎత్తు పెరుగుతోంది. దాని కెమెరా కింద తుఫాను సుడి స్పష్టంగా కనిపించింది. మేడమ్ అప్పుడు ఏడ్చింది. సుత్తి ఏడవలేదు. ఏడిస్తే కోపం చల్లారిపోతుందేమోనని దిగమింగుకున్నాడు.

సాయంత్రం హాస్పిటల్‌కి చీఫ్ ప్రెస్ నోట్ తెచ్చి చూపించాడు: ‘శాటిలైట్ ఎత్తు పెంచే కార్యక్రమం ఏ ఆటంకమూ లేకుండా పూర్తయింది. కుట్ర అంటూ వస్తున్న వార్తలు అవాస్తవం.’

సుత్తి దాన్ని ఉండచుట్టి మూలకి విసిరేశాడు. నర్సు సూది పట్టుకుని దగ్గరికొచ్చి, “ఇంత దెబ్బ ఎలా తగిలిందండీ?” అంది.

“తెలీదమ్మా. గవర్నమెంటు లెక్కలో కుట్ర ఏమీ లేదు,” అన్నాడు సుత్తి నుదురు చూపిస్తూ. “కుట్లే ఉన్నాయి. కానివ్వు.”