చిన్నమ్మ బ్రెడ్డుకు తోడు

"ఒక్క బుడగ కూడా రాలే!"

సాహిత్య గాజు సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. లోపల గోధుమపిండి ముద్ద ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

"చలికి ముడుచుకున్నదేమో అక్కా," అన్నాడు తమ్ముడు మనీష్.

"నువ్వు ముట్టకు! చిన్నమ్మ నాకిచ్చింది."

నిజమే. వికారాబాద్‌లో ఉండే స్నేహలత చిన్నమ్మ ఇంట్లోనే బ్రెడ్డు చేసి అమ్ముతుంది. అది పొంగడానికి ఈస్టు వేయదు. ఏళ్లుగా కాపాడుకుంటున్న పులిసిన పిండి కలుపుతుంది. పాలకు పెరుగు తోడు ఎలాగో, ఆ బ్రెడ్డుకు ఆ పిండి అలాగ. చిన్నమ్మ కాన్పుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంట్లో ఆ పిండి బూజు పట్టిపోయింది. అదృష్టం కొద్దీ, అంతకుముందే వేసవి సెలవుల్లో అందులో కొంత ఎండబెట్టి, ఆ రేకులను పొట్లం కట్టి సాహిత్యకు ఇచ్చింది. ఇప్పుడు మిగిలింది తాండూరులో సాహిత్య ఇంట్లో ఉన్న ఆ పొట్లమే.

"దాన్ని మళ్ల బతికియ్యి బిడ్డా. సగమే నానబెట్టు, సగం దాచు," అని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పింది.

ఆదివారం అందరూ పాపను చూడటానికి వికారాబాద్ వెళ్తున్నారు. అప్పటికి పిండి పొంగకపోతే? తమ్ముడన్న చలి మాట సాహిత్య మనసులో తిరిగింది. అమ్మ మేడమీద బట్టలు ఆరేస్తుంటే, స్టవ్ మీద పొగలు వచ్చేదాకా నీళ్లు కాచి సీసాలో పోసేసింది.

మర్నాడు పిండి ఉడికిన ముద్దలా అడుగున అతుక్కుపోయి ఉంది. పైన మురికి నీళ్లు తేలాయి.

"ఏమైందే దీనికి?" అంది అమ్మ.

"మనీష్... మూత తీసిండమ్మా." సాహిత్య నోటి నుంచి గబుక్కున వచ్చేసింది.

అమ్మ మనీష్‌ను కోప్పడింది. కాసేపటికి సాహిత్య వంటింట్లోకి వెళ్తే, వాడు సీసా ముందు కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నిజంగనే మూత తీసి వాసన చూసిన అక్కా. జరంతే. గందుకే చచ్చిపోయిందా?"

సాహిత్య వాడి చెయ్యి పట్టుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్లి జరిగింది చెప్పేసింది. అమ్మ మనీష్‌ను దగ్గరికి తీసుకుంది. తర్వాత ఫోన్ సాహిత్య చేతికిచ్చింది.

"చిన్నమ్మా, నేను మరిగే నీళ్లు పోసిన. పిండి పాడైంది. మనీష్ ఏం చెయ్యలే."

అటువైపు నుంచి పాప ఏడుపు వినిపించింది.

"మిగిలిన సగం ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే ఫికర్ చెయ్యకు. గోరువెచ్చటి నీళ్లు పొయ్యి. వేలు పెడితే హాయిగుండాలె. పాపకు తానం పోసేటప్పుడు నేను గట్లనే చూస్త. రోజూ జర పిండి, జర నీళ్లు పెట్టు. తొందర పెట్టకు."

"ఆదివారానికి కాకుంటే?"

"కాకుంటే ఉత్త చేతులతోనే రా. చెల్లెను ఎత్తుకోవా ఏంది?"

ఈసారి సాహిత్య తమ్ముణ్ణి పిలిచింది. "వేలు పెట్టి చూడు."

"ఊహూఁ, సల్లగున్నయి."

"ఇప్పుడు?"

"మంచిగున్నయి!"

మరుసటి రోజు సాయంత్రం కూడా బుడగల్లేవు. సాహిత్య చూపు స్టవ్ మీదికి పోయింది. మళ్లీ తిప్పుకుంది. చెంచాడు పిండి, కొంచెం నీళ్లు కలిపి, సీసాకు తువ్వాలు చుట్టింది.

"దా మనీష్, క్యారమ్స్ ఆడుదాం."

శనివారం పొద్దున్నే వంటింట్లోంచి కేక వినిపించింది.

"అక్కా! నవ్వుతున్నది!"

పిండి సీసా మెడదాకా పొంగింది. నిండా బుడగలే. పుల్లటి వాసన ఇల్లంతా పరుచుకుంది.

ఆదివారం రైల్లో సీసా సాహిత్య ఒళ్లోనే ప్రయాణం చేసింది. వికారాబాద్‌లో దిగగానే, ఆమె దాన్ని మనీష్ చేతుల్లో పెట్టింది. "నువ్వియ్యి చిన్నమ్మకు."

వాడు బెదిరిపోయాడు. "కింద పడితే?"

"పడితే పడిందని చెప్దాం. పట్టుకో."

మనీష్ సీసాను రెండు చేతులా పొట్టకు హత్తుకున్నాడు. సాహిత్య ముందు నడుస్తూ జనంలో వాడికి దారి చేసింది.